చివరి రోగి వెళ్లాక 94 నిమిషాలు: ఒక క్లినిక్ ప్రాజెక్టు డైరీ

రోగులను చూడటం ముగిశాక వైద్యుడు కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పనిని తగ్గించడం ఈ ప్రాజెక్టు ఉద్దేశం. నలుగురు వైద్యులు, ఇద్దరు నర్సులు, ఒక ఫార్మసిస్టు ఉన్న ఓపీ క్లినిక్కులో దీన్ని చేపట్టాం. ఒక్కో వైద్యుడు రోజుకు సగటున 24 మందిని చూస్తారు. వారిలో ఆరుగురిని వీడియోలో చూస్తారు. రోగుల రికార్డులు ఉండే సాఫ్ట్‌వేరు మార్చలేదు, కొత్త ఉద్యోగులను తీసుకోలేదు. మీ దగ్గర వేరే సాఫ్ట్‌వేరు ఉన్నా ఈ దశలు పనికొస్తాయి. అంకెలు మాత్రం మీవి మీరే కొలుచుకోవాలి.

దశ 1: ముందు కొలత

అలసిపోతున్నామని అందరూ అంటున్నారు. ఏ పని అలసట పెడుతోందో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. అందుకే కొంతకాలం ఏమీ మార్చకుండా కొలిచాం.

పద్ధతికి రెండు పాత అధ్యయనాలు దారి చూపాయి. అమెరికాలో 2016లో ప్రచురితమైనదానిలో పరిశీలకులు 57 మంది వైద్యుల పక్కనే ఉండి, ఎంతసేపు ఏ పని చేస్తున్నారో రాసుకున్నారు. రోగితో ముఖాముఖిగా గడిపిన సమయం 27 శాతం. రికార్డుకు, బల్ల దగ్గరి పనికి పోయింది 49 శాతం. 2017 నాటి రెండో అధ్యయనం కుటుంబ వైద్యుల సాఫ్ట్‌వేరు లాగ్‌ను పరిశీలించింది. 11.4 గంటల పనిదినంలో 5.9 గంటలు రికార్డుకే పోయాయి, అందులో 1.4 గంటలు క్లినిక్ వేళలు ముగిశాక. ఒకరు మనిషిని నిలబెట్టి కొలిచారు, ఇంకొకరు యంత్రాన్ని అడిగారు. మేం రెండూ చేశాం.

1. చివరి రోగి వెళ్లగానే స్టాప్‌వాచ్ మొదలు. పని మారినప్పుడల్లా కాగితం మీద ఒక గీత.
2. సాఫ్ట్‌వేరు నిర్వాహకుల నుంచి ఆడిట్ లాగ్ తీసుకోవాలి. ఎవరు ఏ రికార్డును ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు మూశారు అన్నది అందులో ఉంటుంది.
3. వైద్యులందరితో సిస్టమ్ యూజబిలిటీ స్కేల్ నింపించాలి. ఒక సాఫ్ట్‌వేరు వాడటానికి ఎంత సులువో కొలిచేందుకు 1986లో జాన్ బ్రూక్ రూపొందించిన పది వాక్యాల పట్టిక ఇది. ఒక్కో వాక్యానికి 1 నుంచి 5 వరకు మార్కు. బేసి సంఖ్య వాక్యాల్లో మార్కు నుంచి 1 తీసేయాలి. సరి సంఖ్య వాక్యాల్లో 5 నుంచి మార్కును తీసేయాలి. మొత్తాన్ని 2.5తో హెచ్చిస్తే నూటికి ఎంతో వస్తుంది.

ఈ కొలబద్ద మీద సాధారణ ఉత్పత్తుల సగటు 68. అమెరికా వైద్యుల సర్వేలో ఎలక్ట్రానిక్ రికార్డులకు వచ్చింది 45.9. మా సగటు 41.

లాగ్‌కూ స్టాప్‌వాచ్‌కూ పొంతన కుదరలేదు. లాగ్ 71 నిమిషాలంటే, స్టాప్‌వాచ్ 94 అంది. మౌసు, కీబోర్డు కదలకపోతే కొంతసేపటికి లాగ్ లెక్క ఆపేస్తుందని తర్వాత తేలింది. ఒక వైద్యురాలు మూత్రపిండాల రిపోర్టు తెరిచి, పాత అంకెలు గుర్తుచేసుకుంటూ, మందు మోతాదు తగ్గించాలా వద్దా అని ఆలోచించిన మూడు నిమిషాలు ఆ లెక్కలో లేనే లేవు. వైద్యంలో అసలు పని అదే. లాగ్ ఒక్కదాన్నే నమ్మి పని భారాన్ని అంచనా వేసే ఏ పాలకవర్గానికైనా ఈ తేడా చూపించాలి.

చివరి రోగి తర్వాతి పని, ఒక్కో వైద్యుడికి సగటున:

- పూర్తికాని నోట్లు (ఒక్కో రోగి సందర్శన గురించి రికార్డులో రాసేవి): 41 నిమిషాలు
- ఇన్‌బాక్స్ సందేశాలు, ల్యాబ్ ఫలితాలు: 32
- పాత మందుల పొడిగింపు: 13
- ధ్రువపత్రాలు, ఇతరాలు: 8
- మొత్తం: 94

దశ 2: లాగిన్

తేలికైన పనితో మొదలుపెట్టాం. పరీక్ష గది మారిన ప్రతిసారీ లాగిన్ కావాలి. యూజర్ పేరు, పాస్‌వర్డ్, ఫోనుకు వచ్చే కోడు, ఆపై రోగి పేరు మళ్లీ వెతుకులాట: మొత్తం 38 సెకన్లు. రోజుకు సుమారు 22 సార్లు. ఉద్యోగి కార్డు తాకిస్తే అంతకుముందు తెరిచిన పేజీ అలాగే వచ్చేలా అమర్చాం. ఫోను కోడు ఉదయం ఒక్కసారే. ఇప్పుడు 9 సెకన్లు పడుతోంది.

ఆదా అయింది: రోజుకు 10 నిమిషాలు. ఇప్పటివరకు మొత్తం ఆదా: 10.

అయితే చివరి రోగి తర్వాతి పని 94 నుంచి 92కే తగ్గింది. మిగిలిన ఎనిమిది నిమిషాలు ఎక్కడికి పోయాయి? అపాయింట్‌మెంట్ల పట్టికలో ఖాళీ కనిపించగానే అక్కడ మరో రోగి పేరు చేరింది. ఎవరి తప్పూ లేదు. ఖాళీ కనిపిస్తే నింపడమే పట్టిక పని. అందుకని తర్వాతి దశకు వెళ్లేముందే ఒక నిబంధన పెట్టుకున్నాం: ప్రాజెక్టు సాగినన్నాళ్లూ రోజుకు 24 మందికి మించి పేర్లు చేర్చకూడదు. ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి చొప్పున 'నోట్ల వేళ' అని పట్టికలోనే గడి కట్టాం. రాయడం కూడా వైద్యుడి పనే అయినప్పుడు దానికి పట్టికలో చోటుండాలి. దీన్ని కాపీ చేయాలనుకునేవారు ఈ నిబంధనను మొదటి రోజే పెట్టుకోవాలి. లేకపోతే తర్వాతి దశల్లో దాచిన సమయమంతా ఇలాగే కరిగిపోతుంది.

దశ 3: నోటు

అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టిన దశ ఇది.

ముందు పాత నోట్లు కొన్ని అచ్చు తీసి, రంగు పెన్సిళ్లతో గీతలు గీశాం. వైద్యుడు ఆ రోజు స్వయంగా రాసినది ఆకుపచ్చ, పాత నోటు నుంచి కాపీ చేసినది ఎరుపు, సాఫ్ట్‌వేరు తానే తెచ్చి అతికించినది నీలం. మూడు పేజీల నోటులో ఆకుపచ్చ గీతలు అక్కడక్కడ నాలుగైదు వరుసలు. అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయ ఆసుపత్రి నోట్లపై 2017లో వచ్చిన అధ్యయనం కూడా ఇలాంటి సంగతే చెప్పింది: 46 శాతం కాపీ, 36 శాతం సాఫ్ట్‌వేరు దిగుమతి, స్వయంగా టైపు చేసింది 18 శాతమే. ఎరుపు గీతల మధ్య ఒకచోట, ఏనాడో ఆపేసిన మందు 'కొనసాగుతోంది' అని కనిపించింది. పొడుగు నోటు చదివేవారిని విసిగించడంతో ఆగదు, రోగికి ప్రమాదం తెస్తుంది.

మొదటి ప్రయత్నం: వైద్యుడు చెబుతుంటే కంప్యూటర్ రాసుకునే డిక్టేషన్.

- టైపు చేస్తే ఒక నోటుకు: 4 నిమిషాల 10 సెకన్లు
- డిక్టేషన్: 1 నిమిషం 50 సెకన్లు
- దిద్దుబాటు: 3 నిమిషాల 5 సెకన్లు
- డిక్టేషన్, దిద్దుబాటు కలిపి: 4 నిమిషాల 55 సెకన్లు

టైపు కంటే 45 సెకన్లు ఎక్కువ. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి. గదిలో ఫ్యాను, బయట మాటలు, వైద్యుడి తొందర కలిసి వాక్యం చివరి పదం వినబడకుండా పోయేది. 'ఛాతీలో నొప్పి లేదు' అన్నది 'ఛాతీలో నొప్పి' అని పడింది. మందు పేరు తప్పు పడితే కంటికి ఆనుతుంది. 'లేదు' పోతే వాక్యం నిక్షేపంగా ఉన్నట్టే కనిపిస్తుంది, అర్థం మాత్రం తలకిందులవుతుంది. అందుకే లక్షణాల భాగంలో డిక్టేషన్ ఆపేశాం. తదుపరి చికిత్స గురించి రెండు మూడు వాక్యాలు చెప్పుకోవడానికి మాత్రం ఉంచాం.

రెండో ప్రయత్నం: టెంప్లేట్ (నోటు రాసే రెడీమేడ్ ఫారం) కోత. అందులో 61 గడులు, నింపితే తప్ప నోటు మూతపడని తప్పనిసరి గడులు 19. ఒక్కో గడి ముందు కూర్చుని ఒకే ప్రశ్న వేసుకున్నాం: దీన్ని ఎవరు చదువుతారు, చదివి ఏం చేస్తారు? జవాబు దొరకని గడిని తీసేశాం.

1. తప్పనిసరి గడులు 19 నుంచి 6కు: వచ్చిన కారణం, అలర్జీ, ముఖ్యమైన పరీక్ష వివరం, అంచనా, చికిత్స, మళ్లీ ఎప్పుడు రావాలి.
2. ల్యాబ్ ఫలితాలను నోటులోకి అతికించడం బంద్. అవి రికార్డులో ఎలాగూ ఉన్నాయి. ఆ రోజు నిర్ణయాన్ని మార్చిన అంకె ఒక్కటే నోటులో రాయాలి.
3. వరుస తిరగేశాం. 1968లో లారెన్స్ వీడ్ ప్రతిపాదించిన, సమస్యల వారీగా రాసే రికార్డు నుంచి వచ్చిన వరుస ఇలా ఉంటుంది: రోగి చెప్పింది, వైద్యుడు చూసింది, అంచనా, చికిత్స. కాగితం మీద అది బాగానే నడిచింది. తెర మీద చివరి రెండూ చూడాలంటే కిందికి చాలాసేపు జరపాలి. అంచనా, చికిత్సలను పైకి తెచ్చాం.
4. పాత నోటు మొత్తాన్ని కాపీ చేసే బటన్ తీసేయించాం. దీనికి మాలోనే గట్టి అభ్యంతరం వచ్చింది. మధుమేహం, రక్తపోటు రోగులు ఎక్కువగా ఉన్న వైద్యుడు తన పని పెరుగుతుందన్నారు. దీర్ఘకాలిక సమస్యల జాబితాను నోటు నుంచి విడదీసి రికార్డులో ఒకేచోట ఉంచాక ఆయనా ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఒక నోటుకు 2 నిమిషాల 35 సెకన్లు. తగ్గిన సమయాన్ని 24 మందికి లెక్కేస్తే 38 నిమిషాల ఆదా. ఇప్పటివరకు మొత్తం: 48.

కొలతలో పట్టని మార్పు కూడా ఒకటుంది. రోగి మాట మధ్యలో కీబోర్డు చప్పుడు మొదలైతే చాలామంది మాట ఆపేస్తారు. వైద్యుడు రాసుకోవడం పూర్తయ్యాక, చెప్పాల్సింది మరిచి, 'అంతేనండి' అనేస్తారు. గడులు తగ్గాక టైపు పని సందర్శన చివరికి మారింది. తెరను రోగికీ కనిపించేలా పక్కకు తిప్పి, అంచనా రాస్తూ పైకి చదవడం మొదలుపెట్టాం. 'ఆ మందు వాడటం లేదు డాక్టర్ గారూ' అని రోగులే దిద్దుతున్నారు.

దశ 4: హెచ్చరికలు

మందు రాయగానే తెర మీదకు వచ్చే హెచ్చరికలను లెక్కపెట్టాం. ఒక్కో వైద్యుడికి రోజుకు 47. చదవకుండానో, చదివి పక్కనపెట్టో దాటేసినవి 44. ఇది మా దగ్గరే కాదు. 2006 నాటి ఒక సమీక్షలో, వైద్యులు దాటేసే మందుల హెచ్చరికల వాటా వేర్వేరు అధ్యయనాల్లో 49 నుంచి 96 శాతం వరకు ఉంది.

తీవ్రతను బట్టి మూడు తరగతులుంటే, కింది రెండింటినీ ఆపేసి చూశాం. ఇది పనికిరాలేదు. రక్తపోటుకు ఎనలాప్రిల్ వాడుతున్న రోగికి స్పైరనోలాక్టోన్ జత చేసినప్పుడు ఏ హెచ్చరికా రాలేదు. రెండూ పొటాషియం పెంచేవే. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే గుండె లయ తప్పేంత పెంచగలవు. సాఫ్ట్‌వేరులో ఈ జంట మధ్య తరగతిలో ఉంది. మందులు ఇచ్చేముందు మా ఫార్మసిస్టు పట్టుకున్నారు. రోగికి హాని జరగలేదు. ఆ సాయంత్రమే అన్నీ తిరిగి తెరిచాం.

తర్వాత తరగతుల జోలికి పోకుండా ఫార్మసిస్టు, నేను ఒక్కో నియమాన్ని విడిగా చూశాం.

1. మోతాదు మార్చితే అదే మందు రెండుసార్లు రాశారంటూ వచ్చేది: తీసేశాం.
2. చర్మానికి పూసే మందులకూ మాత్రలకూ మధ్య వచ్చేవి: రక్తంలో చేరేంత మోతాదు లేనివాటికి తీసేశాం.
3. అలర్జీ గడిలో 'కడుపులో వికారం' లాంటి దుష్ప్రభావాలు నమోదైనవి: రోగిని అడిగి అలర్జీ నుంచి తప్పించి, దుష్ప్రభావాల జాబితాలోకి మార్చాం.
4. పొటాషియం, రక్తస్రావం, గర్భిణులు, మూత్రపిండాల మోతాదు: ఒక్కటీ ముట్టుకోలేదు.

ఇప్పుడు రోజుకు 15. ఆదా అయిన సమయం రెండు నిమిషాలే. ఇప్పటివరకు మొత్తం: 50. సమయం కోసమే అయితే ఈ దశ చేయనక్కర్లేదు. కానీ ఇప్పుడు వచ్చిన హెచ్చరికను వైద్యులు ఆగి చదువుతున్నారు. ఫార్మసిస్టును సంప్రదించి మందు మార్చడం కూడా జరుగుతోంది. అంతకుముందు అది అరుదు.

దశ 5: ఇన్‌బాక్స్

రోజుకు 58 వస్తున్నాయి. అందులో వైద్యుడే చూడాల్సినవి 23. మిగతావి: వైద్యుడు తాను రాసిన పరీక్ష జరిగిందని తనకే చెప్పేవి, అపాయింట్‌మెంట్ మార్పులు, ఒకే ఫలితం రెండు దారుల్లో రావడం.

మొదట చేసింది: అన్నీ నర్సు చూసి, అవసరమైనవే వైద్యుడికి పంపడం. వైద్యుల సమయం బాగా తగ్గింది. అయితే నర్సుల మీద కూడా స్టాప్‌వాచ్ పెట్టాం కాబట్టి అసలు సంగతి తెలిసింది. ఒక్కో నర్సు పని ముగిసే వేళ 35 నిమిషాలు ఆలస్యమైంది. పని తగ్గలేదు, చేతులు మారిందంతే. వైద్యులను మాత్రమే కొలిచి 'విజయం' అని రాసుకునే ప్రాజెక్టుల్లో ఇది కనిపించదు. ఇలాంటి పని చేసేవారు దయచేసి నర్సులను, రిసెప్షన్‌ను కూడా కొలవండి.

హవాయి పసిఫిక్ హెల్త్ సంస్థ 2017లో రికార్డులోని పనికిరాని పనులను ఏరేసే కార్యక్రమం చేపట్టింది. నర్సులు గంటగంటకూ నమోదు చేయాల్సిన ఒకే ఒక క్లిక్కును తీసేస్తే, నాలుగు ఆసుపత్రుల్లో కలిపి నెలకు సుమారు 1,700 నర్సు గంటలు మిగిలాయి. పంచడం కాదు, తీసేయడం. మేమూ ఆ దారి పట్టాం.

1. సమాచారం కోసమే వచ్చే ఆటోమేటిక్ సందేశాలను ఆపేశాం. తేడా ఉన్న ఫలితం, రావాల్సిన గడువు దాటినా రాని ఫలితం మాత్రం తప్పక వస్తాయి.
2. దీర్ఘకాలిక మందులన్నిటినీ ఒకే సందర్శనలో, తర్వాతి వార్షిక పరీక్ష వరకు సరిపడా పొడిగించాం. నిలకడగా ఉన్నవారికి మాత్రమే. నిద్రమాత్రలు, రక్తం పలుచన చేసే మందులు ఇందులోకి రావు.
3. ఫలితం వచ్చాక ఏం చేయాలో పరీక్ష రాసేటప్పుడే రోగికి చెప్పి, నోటులో ఒక వాక్యం రాస్తున్నాం. 'ఫలితం చూశాను, ఇప్పుడేం చేయాలి?' అనే సందేశాలు దీనితోనే ఎక్కువగా తగ్గాయి.

ఫలితాలు వైద్యుడి కంటే ముందు రోగి ఫోనుకు చేరే చోట మూడో అంశం మరీ ముఖ్యం.

వైద్యుడికి ఇన్‌బాక్స్ 32 నుంచి 17కు, పొడిగింపులు 13 నుంచి 4కు తగ్గాయి. నర్సుల వేళ పాత స్థితికి వచ్చింది. ఆదా అయింది 24 నిమిషాలు. ఇప్పటివరకు మొత్తం: 74.

దశ 6: వీడియో

వీడియో సందర్శనకు పట్టికలో 15 నిమిషాలు ఇచ్చేవారు. నిజంగా పట్టింది:

- కలిసేవరకు, ధ్వని సరిచేసేవరకు: 4 నిమిషాలు
- మాట: 12
- నోటు, మందుల చీటీ, పరీక్షలు: 6
- మొత్తం: 22

ఆరుగురు వీడియో రోగులుంటే రోజుకు 42 నిమిషాలు పట్టికలో లేని పని. అది మిగతావాటి మీద పడి, చివరికి రాత్రిలోకి జారుతోంది.

ముందు ఆలస్యాన్ని కొలిచాం. ఒక ఫోనులో స్టాప్‌వాచ్ నడిపి క్లినిక్ కెమెరా ముందు పెట్టాలి. అవతలి పరికరాన్ని పక్కనే ఉంచి, అసలు స్టాప్‌వాచ్, తెర మీది స్టాప్‌వాచ్ రెండూ ఒకే ఫోటోలో పడేలా తీయాలి. రెండు అంకెల తేడానే ఆలస్యం. మాకు 480 మిల్లీ సెకన్లు వచ్చింది. మాట విషయంలో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు ఒకవైపు ఆలస్యం 150 లోపు. అరసెకను ఆలస్యమైతే వైద్యుడు, రోగి ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ఆగుతారు. రోగి తటపటాయిస్తున్నారా, నెట్ ఆలస్యమా తేల్చుకోలేం. రోజంతా ఆ సందిగ్ధంలో వినడం మనసును పిండేస్తుంది. వైర్‌లెస్ బదులు నెట్‌వర్క్ కేబుల్ పెడితే 210కి దిగింది. ఈ పరీక్ష చిత్రాన్నే కొలుస్తుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు ధ్వనికి తమ వంతు ఆలస్యం కలుపుతాయి కాబట్టి వైరున్న హెడ్‌సెట్లకు మారాం.

మిగతా మార్పులు:

1. రోగి చిత్రాన్ని తెర పైభాగంలో, సరిగ్గా కెమెరా కిందకు జరిపాం. వైద్యుడు రోగి ముఖం చూస్తుంటే, రోగికి తననే చూస్తున్నట్టు ఉంటుంది.
2. నర్సు ముందే కాల్ చేసి ధ్వని సరిచూస్తారు. ఇంట్లో తీసిన రక్తపోటు, బరువు అంకెలు రికార్డులో చేరుస్తారు.
3. చర్మ సమస్యకు వీడియో నమ్మదగినది కాదు. పగటి వెలుతురులో తీసిన రెండు ఫోటోలు ముందుగా పంపాలి: ఒకటి దగ్గరగా, ఒకటి శరీరంలో ఎక్కడుందో తెలిసేంత దూరం నుంచి.
4. ఊపిరి వేగాన్ని పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. చిత్రం తడబడితే మళ్లీ మొదటి నుంచి.
5. కొత్తగా వచ్చిన ఛాతీ నొప్పి, ఆయాసం, తీవ్రమైన కడుపునొప్పి, ఒకవైపు బలహీనత ఉంటే వీడియో వద్దు. నేరుగా రావాలి, లేదా అత్యవసర విభాగానికి వెళ్లాలి. ఈ జాబితా రిసెప్షన్ దగ్గర ఉంటుంది.

అయిదో అంశం వైద్యులకు ఇచ్చిన ఊరట చాలా పెద్దది. చేత్తో తాకి చూడని కడుపు గురించి నిర్ణయం తీసుకున్న రోజు నిద్ర పట్టదు. ఆ నిర్ణయాన్ని ప్రతిసారీ ఒంటరి వైద్యుడి భుజాల మీద వేయకుండా నియమంగా రాసిపెట్టడం టెలిమెడిసిన్‌లో మొదట చేయాల్సిన పని అని నా గట్టి నమ్మకం.

పట్టికలో కూడా ప్రయోగం చేశాం. నేరుగా వచ్చినవారి మధ్య వీడియో రోగులను కలిపితే గది మారడం, హెడ్‌సెట్ పెట్టడం, ఆలస్యాలు పేరుకోవడం. ఒక పూటంతా వీడియో పెడితే రెండు గంటలు దాటేసరికి కళ్లు మంటలు, తలనొప్పి అని ముగ్గురు రాశారు. ఇప్పుడు మధ్యాహ్నం భోజనం తర్వాత ముగ్గురు, సాయంత్రం ముగ్గురు. ఒక్కొక్కరికి 20 నిమిషాలు.

ఇప్పుడు కలవడానికి 1.5, మాటకు 12, తర్వాత పనికి 4: మొత్తం 17.5. తగ్గిన నాలుగున్నరలో ఒకటిన్నర టెంప్లేట్ చలవ, దశ 3లో లెక్కలోకి వచ్చేసింది. మూడు నిమిషాల చొప్పున ఆరుగురికి 18. ఇప్పటివరకు మొత్తం: 92.

ఇప్పుడు ఎక్కడున్నాం

- చివరి రోగి తర్వాతి పని: 94 నుంచి 37 నిమిషాలు
- యూజబిలిటీ స్కోరు: 41 నుంచి 63
- తప్పనిసరి గడులు: 19 నుంచి 6
- హెచ్చరికలు: 47 నుంచి 15

ఆదా అయిన 92లో 57 నిమిషాలు రాత్రి నుంచి తగ్గాయి. తక్కిన 35 పగటిలోనే ఉండిపోయాయి: కూర్చుని భోజనం చేయడం, కష్టమైన రోగి దగ్గర ఇంకాసేపు ఆగడం. వాటిని కొత్త అపాయింట్‌మెంట్లతో నింపమని రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ ఈ పట్టిక చూపించి వద్దన్నాం.

తర్వాతి దశ: బయటి రిపోర్టులు

ఆ 37 నిమిషాల్లో పెద్ద వాటా ఇదే. ఇతర ల్యాబ్‌ల ఫలితాలు స్కాన్ చేసిన బొమ్మలుగా వస్తున్నాయి. సాఫ్ట్‌వేరుకు అవి బొమ్మలే. గ్రాఫులో చేరవు, హెచ్చరికలకు అందవు. వైద్యుడే చదివి అంకెలు ఎక్కించాలి. ఒక ల్యాబ్ గ్లూకోజును లీటరుకు మిల్లీమోళ్లలో ఇస్తుంది, ఇంకొకటి డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో. మొదటిదాన్ని 18తో హెచ్చిస్తే రెండోది వస్తుంది. మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్‌కు ఆ లెక్క వేరు: డెసిలీటరుకు మిల్లీగ్రాములను 88.4తో హెచ్చిస్తే లీటరుకు మైక్రోమోళ్లు. అలసిన వేళ ఈ లెక్కలు మనిషి చేయకూడదు.

1. ఎక్కువ రిపోర్టులు పంపే ల్యాబ్‌ను ఎంచుకుని, ఫలితాలు ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణంలో (సాఫ్ట్‌వేర్ల మధ్య ఆరోగ్య సమాచారం పంపే పద్ధతి), లాయింక్ కోడ్లతో (ఒక్కో పరీక్షను గుర్తించే కోడ్లు) పంపగలరా అని రాతపూర్వకంగా అడిగాం. జవాబు రావాలి.
2. అది వచ్చేలోగా క్రియాటినిన్, పొటాషియం, హెచ్‌బీఏ1సీ (కొన్ని నెలల సగటు చక్కెర చూపే పరీక్ష) మూడింటినే చేత్తో ఎక్కిస్తాం. యూనిట్ ఎంచుకోనిదే అంకె నమోదు కాకుండా గడి మార్చాం.
3. ఒక్కో రిపోర్టుకు ఇప్పుడు 70 సెకన్లు. దీన్నే ప్రారంభ కొలతగా తీసుకుంటున్నాం.